హెచ్ లేని వంతు

టింగ్... టాంగ్.

ఫోను చెవికి ఆనించగానే స్వర్ణలతకు ముందు వినిపించింది ఆ గంట. గంట వెంటనే, రేకుల కప్పు మీద గులకరాళ్లు దొర్లినట్టు ఒక యంత్రపు ఆడగొంతు: "బాలమల్లు గారు. మీ వంతు వచ్చినది. దయచేసి వాహనమును ముందుకు తీయగలరు." ఆ గొంతు వెనుక ఎవరో పగలబడి నవ్వారు. ఏదో గ్లాసు బల్లకు తగిలింది. విమానం ఒకటి ఆ చప్పుళ్లన్నిటినీ మింగి, మెల్లగా మళ్లీ కక్కింది. మాట్లాడవలసిన మనిషి అప్పుడు గానీ మాట్లాడలేదు.

"విన్నవా అక్కా? పొద్దటిసంది గాయన పేరు ఎన్నిసార్లు పలికిందో లెక్కపెట్టుడు ఇడిసిపెట్టిన. నా పేరు ఒక్కపారి పలుకుమంటే మీ మిషన్‌కు నోట్లె ముద్ద అడ్డం పడ్డట్టున్నది."

"మీ పేరు చెప్పండి."

"నేను చెప్పుడు కాదక్కా, మిషన్ చెప్పాలె. జంగమ్మ. శంషాబాద్ అడ్డా. కారు నాదే, లైసెన్సు నాదే, సంఘం కార్డు నాదే. వంతు ఒక్కటే నాది గాదట."

స్వర్ణలత కలం తీసుకొని 'జంగమ్మ' అని రాసుకుంది. అంతకు మించి రాయడానికి ఆ ఆఫీసులో ఆమెకు అధికారం లేదు.

ఆఫీసు తుక్కుగూడలో, శ్రీశైలం రోడ్డుకు మొహం పెట్టిన మేడ కింది గదిలో ఉంది. పై గదిలో సంసారం. బోర్డు మీద 'పిలుపు సిస్టమ్స్' అనీ, దాని కింద 'రూపకల్పన, అమ్మకం, సేవ' అనీ ఉంటుంది. రూపకల్పనా అమ్మకమూ భర్తవి. సేవ స్వర్ణలతది. సేవ అంటే ఫోనెత్తడం, తిట్లు తినడం, "మా సారుకు చెబుతాను" అనడం. ఆ సారు తన భర్తేనని ఫోను చేసేవాళ్లకు తెలియదు. తెలియనీయకూడదని సారు ఆజ్ఞ. మొగుడూ పెళ్లామూ కూర్చున్న చోటును జనం కిరాణా కొట్టు అనుకుంటారట. ఉద్యోగులున్న చోటును కంపెనీ అనుకుంటారట. పై గదిలో అత్త శివమ్మ కట్టడి ఇంకొకటి: మొగని పేరు పెళ్లాం నోట పడకూడదు, పడితే ఆయుష్షు తరుగుతుంది. కంప్యూటర్లు చదువుకున్న స్వర్ణలత పెళ్లయిన కొత్తలో ఆ మాటకు నవ్వుకుంది. పోనుపోను నవ్వడమూ మానేసింది, పేరు పలకడమూ మానేసింది. కింద 'సారు', పైన 'ఇగో' — ఈ రెండు పిలుపులతోనే కంపెనీ, కాపురం సాగిపోతున్నాయి.

వాళ్లు అమ్మేది పిలుపు యంత్రం. క్లినిక్కుల్లో రోగులను, ప్లాట్ల ఆఫీసుల్లో కొనవచ్చినవాళ్లను, కార్ల అడ్డాల్లో డ్రైవర్లను వరసగా పేరు పెట్టి పిలుస్తుంది. దాని కడుపులో ఒక చిన్న డేటాబేస్ ఉంటుంది. పెద్ద సర్వర్ అడగదు, చూసుకోవడానికి మనిషిని అడగదు, ఒకే ఒక్క ఫైలులో ముడుచుకొని కూర్చుంటుంది. సారుకు దాని మీద వల్లమాలిన ప్రేమ. "చిన్నది, తేలికైనది, ఎదురు చెప్పదు" అని కొనేవాళ్ల ముందు పొగిడేవాడు. పక్కనే టీలు అందిస్తూ స్వర్ణలత ఆ మాటలు వినేది. పెళ్లిచూపుల్లో తన మేనమామ తన గురించి చెప్పినవీ సరిగ్గా అవే.

ఎదురు చెప్పనిదాన్ని ఎట్లా వాడుకోవాలో లోకానికి తెలియదని ఆమెకు రోజూ ఫోనులో రుజువయ్యేది. ఒక క్లినిక్ పెద్దమనిషి పాత రోగుల వివరాలన్నీ తుడిచేసి, ఫైలు సైజు ఎందుకు తగ్గలేదని గొడవ. గుమ్మిలో వడ్లు తోడినంత మాత్రాన గుమ్మి చిన్నదవుతుందా? ఆ ఖాళీ కొత్త వడ్ల కోసం అట్లాగే ఉంటుంది. గుమ్మినే చిన్నది చేయాలంటే దానికి వేరే పని ఉంది, చేయించుకోవాలి. ఒక ఫంక్షన్ హాలు వాళ్లు ఒకే ఫైలును రెండు కంప్యూటర్ల నుంచి తెరిచి, ఇద్దరూ ఒకేసారి రాయబోయి, 'తాళం పడింది' అని వస్తోందని పరేషాన్. ఒకే చీపురును ఇద్దరు పట్టుకుంటే ఇల్లు ఊడ్చబడదు, చీపురే విరుగుతుంది. మహేశ్వరంలో ప్లాట్లమ్మే కుర్రాడు ఇంకా ఘనుడు. ఫోన్ నంబరు రాయవలసిన గడిలో 'రేపు చేయమన్నడు' అని రాశాడు. డేటాబేస్ కిమ్మనకుండా దాచుకుంది. అంకెలు అడిగినచోట అక్షరాలు పెట్టినా అది పుచ్చుకుంటుంది. ఆ తర్వాత, యంత్రం ఆ నంబరుకు ఫోన్ ఎందుకు కలపడం లేదని కుర్రాడి ఫిర్యాదు.

ప్రశ్న ఏదైనా సారు గోడకంటించిన కాగితంలో జవాబు ఒకటే: ఆపి, మళ్లీ ఆన్ చేయండి. చదువు అంతా చదివి, చివరకు స్విచ్చు దగ్గర తేలినవాడు సారు.

"ఒకసారి మిషన్ ఆపి, ఆన్ చేయించారా?" అని స్వర్ణలత జంగమ్మను అడిగింది, అడుగుతున్నందుకు తనను తానే తిట్టుకుంటూ.

"మిషన్ ఆపిపిచ్చిన. కారు ఆపి స్టార్ట్ చేసిన. కార్డు కడిగి తుడిసిన. ఇగ నేనే ఒకపారి సచ్చి పుట్టుడు మిగిలింది."

"పేరు సరిగ్గానే ఎక్కిందా? నంబరు?"

"అన్నీ ఎక్కినయి. స్క్రీన్ మీద కనపడుతున్న. చూసుకుంటే గమ్మతిగుంటది, పిలిచేటప్పుడే ఉండ." గొంతు ఒక్కసారిగా తగ్గింది. "అక్కా, నవ్వులాట కాదు. అడ్డాల ఒక్క కిరాయన్నా లేక నెల గడిస్తే ఆ మనిషికి అడ్డాతోని పని లేదన్నట్టే, కార్డు గుంజుకుంటరు. సంఘం కానూన్. నా నెల నిండింది. ఆదివారం మీటింగ్. కొత్త కార్డులిచ్చుడు బంద్ జేసిండ్రు, నాదే ఆఖరుది. పోయిందంటే మళ్ల రాదు. ఏం మర్లబడ్డదో మీ కంపెనీ వచ్చి చెప్పాలె, లేకుంటే నా మాట ఎవడింటడు?"

*

సారు విన్నాడు. వినడం అంటే కళ్లు స్క్రీన్ మీదనే ఉంచి, ఒక చెవిని భార్యకు కిరాయికివ్వడం.

"ఎర్రర్ వచ్చిందా?"

"రాలేదట."

"లాగ్‌లో ఉన్నదా?"

"లేదు."

"ఇంకేంది మరి. ఎర్రర్ రాలేదంటే తప్పు లేదు. ఆమెకు కిరాయి దొరకకపోతే సాఫ్ట్‌వేర్ ఏం చేస్తది, స్వర్ణా? జాతకం సాఫ్ట్‌వేర్ నేను రాయలేదు." తన చమత్కారానికి తానే నవ్వుకున్నాడు. ఆ ఆఫీసులో ఆయన చమత్కారాలకు నవ్వే ఉద్యోగం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. "ఆదివారం వాళ్ల మీటింగ్‌లో నాకే శాలువా కప్పుతున్నరు. కొత్త వెర్షన్ పెట్టినంక గొడవలు తగ్గినయని. గొడవలు లేని చోటుకు పోయి నువ్వు గొడవ వెతకకు."

ఆయన అటు ఒక క్లినిక్కుకు డెమో ఇవ్వడానికి పోగానే, ఆమె ఇటు స్కూటీ తీసింది.

శంషాబాద్ అడ్డా హోటళ్ల వరస వెనుక, 'ప్లాట్లు కలవు' అని మాసిన బోర్డులు నిలబెట్టిన ఖాళీ జాగా పక్కన ఉంది. రేకుల షెడ్డు, బల్లలు, టీ బండి, కర్రకు కట్టిన స్పీకరు. డ్రైవరు వచ్చి గోడకున్న చిన్న స్క్రీన్ మీద తన కార్డు నంబరు నొక్కుతాడు. యంత్రం అతని పేరు ఎదుట వంతు నంబరు వేసుకుంటుంది. హోటలు నుంచో గోదాము నుంచో కారు కావాలని కబురొస్తే, ఎదురుచూస్తున్నవాళ్లలో ఎవరి వంతు నంబరు చిన్నదో వాళ్ల పేరు పిలవాలి. పద్ధతి ఇంత తేలిక. దీన్ని చెడగొట్టడానికి ప్రత్యేకమైన ప్రతిభ కావాలి.

బల్ల మీద సంఘం ఎర్ర కండువాతో కూర్చున్న నిండు మనిషే అధ్యక్షుడు బాలమల్లు.

"ఏం బిడ్డా, పిలుపు సారు పంపిండా? మిషన్‌కు నూనె పోస్తవా?"

"చూసి పోదామని వచ్చిన అన్నా."

"చూడు చూడు. ముత్యమసొంటి మిషన్. ఒకప్పుడు గీ వంతుల కాడ కాలర్లు చినుగుతుండె. ఇప్పుడు చప్పుడున్నదా? కంప్యూటర్‌కు చుట్టం లేడు, పక్కం లేడు."

"ఒకడున్నడు," అన్నాడు ఎదుటి బల్ల మీద పల్లీలు వలుస్తున్న మల్లేశ్వర్. సంఘం తీర్మానాలు రాసేది అతనే. అందుకని సంఘంలో అతని ఎగతాళికి కొంత వెసులుబాటు ఉంది. "కార్డు నంబర్ ఒకటి."

"నోరు మూసుకోరా. అది నా చేతివాసి. పొద్దుగాల మైసమ్మకు దండం పెట్టనిది బండి తియ్య నేను."

కారుకు ఆనుకొని నిలబడ్డ ఆడమనిషి తలెత్తింది. బక్కపలుచని మనిషి, చీర మీద ఖాకీ చొక్కా. గొంతు వినగానే స్వర్ణలత గుర్తుపట్టింది. "నేను గూడ పెడుతున్న అన్నా. మైసమ్మ దగ్గర గూడ మీ సంఘం కార్డే ఉన్నట్టున్నది."

అందరూ నవ్వారు. జంగమ్మ నవ్వలేదు.

స్వర్ణలత టీ తీసుకొని కూర్చుంది. గంట మోగింది; బాలమల్లు పేరు పలికింది. ఆయన కండువా సర్దుకొని, లోకం మీద దయతో లేచి వెళ్లాడు. మళ్లీ గంట, గోపయ్య అట. ఆ వెంటనే ఇంకెవరో. పిలుపు అందుకున్న ప్రతివాణ్నీ స్వర్ణలత ఒక్క మాట అడిగింది: "అన్నా, మీ కార్డు నంబరెంత?" చిన్న నంబర్లు, చిన్న నంబర్లు, అన్నీ చిన్న నంబర్లే. ఈలోగా దగ్గరి హోటలులో ఎవరినో దింపి బాలమల్లు తిరిగొచ్చాడు. అందరికంటే ఆఖరున స్క్రీన్ నొక్కాడు. ఇంకా కూర్చోనే లేదు.

టింగ్... టాంగ్. "బాలమల్లు గారు. మీ వంతు వచ్చినది."

"చూసినవా బిడ్డా," అన్నాడాయన, "చేతివాసి."

స్వర్ణలత చేతిలో టీ చల్లారింది. అడ్డాకు ఎవరు ముందు వచ్చారో యంత్రం చూడటమే లేదు. సంఘంలో ఎవరు ముందు చేరారో వాళ్లనే ముందు పిలుస్తోంది. మొదట చేరినవాడు కాలు పెట్టడమే ఆలస్యం, పిలుపు. నడిమివాళ్లకు అప్పుడొకటి ఇప్పుడొకటి చిక్కుతున్నాయి గనుక వాళ్లకు అనుమానం రాలేదు. వచ్చినా గట్టిగా అనలేదు. చిట్టచివర చేరిన జంగమ్మ పేరు పలకాలంటే మిగతా షెడ్డంతా ఖాళీ కావాలి. విమానాలు దిగినంత కాలం ఈ షెడ్డు ఖాళీ కాదు. ఇంతమంది మగవాళ్లు నెల పొడుగునా ఈ అన్యాయం కింద కూర్చొని టీలు తాగారు, దానికి చేతివాసి అని పేరు పెట్టుకున్నారు.

"దొరికిందా అక్కా?" అని జంగమ్మ దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"ఏం జరుగుతున్నదో తెలిసింది. ఎందుకు జరుగుతున్నదో ఆఫీసుకు పోతే తెలుస్తది."

"ఎట్లన్నగాని ఆదివారం నువ్వు రావాలె."

"వస్తా."

చెప్పాక భయపడింది. మాట ఇవ్వడం ఆమెకు అలవాటు లేని పని. ఇన్నాళ్లూ సారు ఇచ్చిన మాటలను మోయడమే ఆమె పని.

*

యంత్రపు ప్రోగ్రామ్ ఆఫీసు కంప్యూటర్లో ఉంది. కొత్త వెర్షన్ తెరిచి, వరస పెట్టే చోటు కోసం వెతికింది. దొరికింది. చదివింది. ముందు తప్పేమీ కనిపించలేదు. తప్పు అంత చిన్నది.

మొదటి వెర్షన్‌లో పట్టికలు కట్టింది స్వర్ణలతే. గడులకు తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాలతో పేర్లు పెట్టింది. వంతు నంబరు దాచే గడికి 'వంతు' అని పేరు. తెలంగాణలో ఏ ఆడపిల్ల అయినా 'లత'ను ఎట్లా రాస్తుందో అట్లాగే రాసింది: 'త' వచ్చినచోట టి, దాని పక్కన హెచ్. సారు కొత్త వెర్షన్ రాసేటప్పుడు ఆ హెచ్ మీద ఆయనకు కన్ను పడింది. "ఇదేం ఊరి ఇంగ్లీషు? త అంటే టి చాలదా? ప్రపంచమంతా చదివే కోడ్ ఇది" అని అప్పట్లో వెక్కిరించాడు. ఆయన కోడ్‌ను ప్రపంచంలో ఆయన తప్ప ఒక్కరూ చదవలేదు. అది వేరే సంగతి. ప్రోగ్రామ్‌లో ఉన్న హెచ్‌లన్నిటినీ ఏరి పారేశాడు. పట్టికలో ఉన్న హెచ్‌ను మాత్రం మరిచాడు.

అయినా ఎర్రర్ రావాలి కదా. లేని గడి పేరు చెప్పి, దాని ప్రకారం వరస పెట్టమంటే, ఎంత సాధువైన డేటాబేస్ అయినా 'అటువంటి గడి లేదు' అనాలి కదా.

దగ్గరగా చూసింది. హెచ్ లేని ఆ వంతుకు అటూ ఇటూ రెండేసి గీతలు, డబుల్ కోట్స్. ఆమె ఆ గీతలు తీసి నడిపింది. వెంటనే ఎర్రర్: అటువంటి గడి లేదు. మళ్లీ గీతలు పెట్టి నడిపింది. నిశ్శబ్దం.

సారు వచ్చేసరికి ఆమె అదే లైను ముందు కూర్చొని ఉంది.

"ఇగో. ఈ కోట్స్ ఎందుకు పెట్టిండ్రు?"

ఆయన వంగి చూశాడు. ముఖం వెలిగింది, గతంలో గెలిచిన యుద్ధం గుర్తొచ్చినట్టు. "అదా. అక్కడ మస్తు సతాయించింది. ఎర్రర్ మీద ఎర్రర్. కోట్స్ పెట్టిన. నోరు మూసుకున్నది."

"నోరు మూసుకోలే. మీ మాటను ఒట్టి మాటగా తీసుకున్నది."

"అంటే?"

"కోట్స్‌లో ఉన్న పేరుతోని గడి దొరికితే గడి అనుకుంటది. దొరకకపోతే, ఏదో మాట రాసుకున్నరులే అనుకొని ఊరుకుంటది. ఎదురు చెప్పదు కద. అందరినీ 'వంతు' అనే మాటను బట్టి వరస పెట్టుమన్నరు మీరు. ఆ మాట అందరికీ ఒక్కటే. ఎవడు ముందు, ఎవడు వెనుక? దానికి తేడా తెలుస్తలేదు. అందుకని రాసిపెట్టుకున్న తీరులనే, చేరినోళ్లు చేరినట్టు పిలుస్తున్నది."

సారు కుర్చీలో కూర్చున్నాడు. అర్థమైంది. తెలివిలేనివాడు కాడు, తెలివి ఉందని తెలిసినవాడు, అదీ చిక్కు. కాసేపు గోడకున్న తన కాగితాన్ని చూశాడు. ఆపి ఆన్ చేస్తే తీరే బాధల్లో ఇది లేదు.

"సోమవారం సరిచేద్దాం," అన్నాడు.

"ఆదివారం ఆమె కార్డు పోతది."

"పోతే? ఒక్క డ్రైవర్, స్వర్ణా. ఇప్పుడు తప్పైందని చెప్పుకుంటే ఎన్ని అడ్డాలు మన మిషన్ పీకేస్తయో తెల్సా? పైన శాలువా కప్పుతున్నరు, లోపల ఏముందో చూపెట్టుకుంటమా?"

"ఆమెకు మళ్లీ కార్డు ఇయ్యరు. కొత్తవి బంద్ చేసిండ్రు."

"అది సంఘం రూల్. నేను రాసిన రూల్ కాదు." లేచి, మెట్ల దగ్గర ఆగి, పెద్దమనసుతో అన్నాడు: "నువ్వు కూడా రా ఆదివారం. స్టాఫ్ వచ్చినట్టు ఉంటది."

*

ఆదివారం షెడ్డు ముందు షామియానా వేశారు. సారుకు ముందు వరసలో ఎర్ర కుర్చీ. స్వర్ణలతకు వెనుక వరసలో, జంగమ్మ పక్కన, ప్లాస్టిక్ కుర్చీ. కారణం తెలిసింది, చెబుతాను అని జంగమ్మకు దారిలోనే ఫోనులో చెప్పింది. ఎట్లా చెబుతుందో తనకే తెలియదు. నలుగురిలో లేచి మాట్లాడటం ఆమెకు బడిలో కూడా లేదు. ఫోనులో అయితే ముఖం ఉండదు.

శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. బాలమల్లు మైకు ముందుకొచ్చాడు. తాను పొందిన ప్రతి కిరాయికీ నైతికమైన కారణం కనిపెట్టుకున్న మనిషి ఎంతసేపు మాట్లాడగలడో అంతసేపు మాట్లాడాడు. న్యాయం అన్నాడు. కష్టే ఫలి అన్నాడు. కంప్యూటర్‌కు చుట్టం లేడని మళ్లీ అన్నాడు. ఆ మాట ఆయనకు బాగా నచ్చినట్టుంది. సారు శాలువా అంచును వేలితో రాస్తూ వినయాన్ని అభినయించాడు.

అప్పుడు మల్లేశ్వర్ లేచి చదివాడు: "ఒక్క కిరాయి గూడ లేని సభ్యులు, ఒకరు. జంగమ్మ. కార్డు రద్దు."

జంగమ్మ లేచింది. "అన్నా, పొద్దుగాల్నే వచ్చి పొద్దుమీకి పోయిన. మిషన్ పిలువలే. పిలువకుంటే నేనెట్ల పోవాలె?"

"బిడ్డా, మిషన్‌కు నీ మీద పగనా?"

"మిషన్‌ల తప్పున్నది," అంది స్వర్ణలత.

ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియలేదు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. మైకు లేకపోవడమే నయమైంది. గొంతు వణుకు ముందు వరసదాకా పోలేదు. చూసినదంతా చెప్పింది: వచ్చిన వరస కాదు, చేరిన వరస. కార్డు నంబర్లు చూసుకోండ్రి అంది. షామియానా అంతా జేబులు తడుముకునే చప్పుడు. ఒక్కొక్కడూ తన కార్డు చూసి, పక్కవాడి కార్డు చూసి, ఇద్దరూ కలిసి బాలమల్లు వైపు చూశారు.

"చేతివాసి అంటివి కదనే," అన్నాడు వెనుక నుంచి గోపయ్య.

బాలమల్లు ముఖం కండువా రంగుకొచ్చింది. సాయానికి సారు వైపు తిరిగాడు. "ఏంది సారూ ఇది?"

సారు లేచాడు. కర్త లేని వాక్యాలు తెలుగులో ఎన్ని రకాలుగా కట్టవచ్చో ఆ కాసేపట్లో చూపించాడు. చిన్న పొరపాటు జరిగింది. వరసలో తేడా వచ్చింది. కొందరికి అసౌకర్యం కలిగింది. రేపు సరిచేయబడుతుంది. ప్రతి క్రియా దానంతటదే పుట్టి, దానంతటదే ముగిసింది. వాక్యాల్లో ఎక్కడా ఒక మనిషి లేడు.

బాలమల్లుకు దారి దొరికింది. "సరే. మిషన్ తప్పు. మిషన్ తప్పంటే ఎవరి తప్పూ కాదు. వాన పడకుంటే సంఘమేం జేస్తది? జంగమ్మ నసీబ్ గట్లున్నది. కానూన్ కానూనే. రాసుకో మల్లేశా, రద్దు."

మల్లేశ్వర్ రాయలేదు. "అన్నా, ఒక్క మాట. మన కానూన్‌లనే ఇంకోటున్నది. ఇంకొక మనిషి తప్పుతోని కిరాయి పోతే, గా నెల లెక్కకు రాదు. కార్డు ఉంటది. పోయినేడు నీ బావమరిది కార్డు గట్లనే నిలబెట్టినం."

నవ్వులు రేగాయి. బాలమల్లు మైకును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చాడు. "గది మనిషి తప్పైతే. ఇది మిషన్."

"మిషన్ దానంతటది రాసుకోదు కదనే. రాసినోడు ఒకడుంటడు. పేరు చెప్తే తీర్మానంల ఎక్కిస్త. పేరు లేకుంటే ఎక్కియ్యరాదు."

జంగమ్మ స్వర్ణలత మణికట్టు పట్టుకుంది, అంతే. ఏళ్లుగా స్టీరింగ్ పట్టిన చెయ్యి, గరుకుగా, వేడిగా ఉంది.

"చెప్పుండ్రి సారూ," అన్నాడు బాలమల్లు. "మీకాడ ఎవడో పోరడు రాసి ఉంటడు."

సారు గొంతు సవరించుకున్నాడు. "స్టాఫ్ పొరపాటు," అన్నాడు. "మా స్టాఫ్‌లో ఒకరు... కొత్తగా పట్టికల్లో స్పెల్లింగ్ ఊరి పద్ధతిలో రాయడం వల్ల..."

ఆ కంపెనీలో స్టాఫ్ ఒక్కరే. ఆయన కళ్లు షామియానా దాటి వెనుక వరస మీద నిలిచాయి. ఆ చూపు ఆమెకు తెలుసు. డెమోలో యంత్రం మొరాయిస్తే, కొనేవాడి ముందు తప్పు ఆమె మీదికి నెట్టే ముందు చూసే చూపే. ఎప్పటిలాగే ఆమె తల వంచుకుంటుందని, ఇంటికెళ్లాక పచ్చిపులుసు చేస్తుందని, రేపు ఫోనెత్తి 'మా సారుకు చెబుతాను' అంటుందని ఆ చూపుకు ఎంత నమ్మకమో. ఎదురు చెప్పనిదాని ముందు అన్నీ చెల్లుతాయి.

ఒక విమానం షామియానా మీదుగా దిగింది. గుడ్డ రెపరెపలాడింది. అది పోయేదాకా అందరూ ఆగారు; ఆ చోట అది అలవాటు.

"పేరు, అక్కా," అన్నాడు మల్లేశ్వర్, కలం కాగితానికి ఆనించి. "నువ్వు చూసినవు కద. పట్టికల సంగతి కాదు నేనడిగేది. వరస పెట్టే కాడ రాసిందెవరు?"

"మా సారు."

"సార్లు మస్తుమంది ఉంటరక్కా. తీర్మానంల సారు అని రాస్తే నడువది. అమ్మానాయన పెట్టిన పేరు చెప్పాలె."

స్వర్ణలత శాలువా కప్పుకున్న భర్త వైపు చూసింది. ఆయన తల మెల్లగా అడ్డంగా ఊపుతున్నాడు. అత్త మాట గుర్తొచ్చింది, ఆయుష్షు సంగతి. మణికట్టు మీద జంగమ్మ వేళ్లు ఇంకా ఉన్నాయి. ఇన్నేళ్లుగా గొంతులోనే ఉండిపోయిన అక్షరాలు ఒకటొకటిగా నాలుక మీదికి వచ్చాయి. ఆమె మల్లేశ్వర్ కలం వైపు తిరిగి, అతనికి రాయడం కుదిరేటట్టు నిదానంగా, షెడ్డు చివరిదాకా వినబడేటట్టు, చెప్పింది.

"రాఘవేందర్."